నాలుగోదీ వదులే

"మావయ్యా, ఇదీ వదులే. పట్టుకుంటే ఊగుతోంది."

ఫోన్లో మేనకోడలు ఆ మాట అనడం నాలుగోసారి. కుర్చీకాళ్లూ మంచంకోళ్లూ చెక్కే మేస్త్రి లేత్ యంత్రం ఆపి తల పట్టుకున్నాడు. క్లారినెట్‌లో నోట పెట్టుకునే ముక్కకీ, వేళ్లాడించే పొడుగు ముక్కకీ మధ్య బెత్తెడైనా లేని చెక్క గొట్టం ఒకటుంటుంది. బారెల్ అంటారు. దాంతోనే వారమంతా గడిచిపోయింది. చేసినదాన్నల్లా పక్క ఊళ్లో ఉన్న పిల్లకి బస్సులో పంపడం, ఆ పిల్ల ఊగుతోందనడం.

"రేపు పదింటికి వాద్యబృందంలోకి తీసుకోడానికి నన్ను పరీక్షిస్తారు. ఇంకెవరిదైనా అడుక్కుంటాలే మావయ్యా. అమ్మ క్లారినెట్ మీద వాయించాలనుకున్నా, అంతే."

ఆ 'అంతే' మేస్త్రికి గుచ్చుకుంది. అక్క పోయి మూడు నెలలు. స్టూలు మీద కూర్చున్న బావ వైపు తిరిగాడు.

"అంకెలు సరిగ్గానే ఇచ్చాను," అన్నాడు బావ. ఆయన లెక్కల మాస్టారు.

"మీ అంకెలకో దండం బావా! నమూనా ఇవ్వండి మహాప్రభో అంటే నోటుబుక్కు చేతిలో పెడతారు."

"ఒక్కో కొలతా పదిచోట్ల తీసి సరాసరి వేశాను."

"సరే, మీరు తప్పు కొలవలేదు, నేను తప్పు తొలవలేదు. మరెవరిది తప్పు? బస్సు డ్రైవరుదా?"

"నువ్వు చేసిన కుర్చీ మా ఇంట్లో ఇప్పటికీ మూడు కాళ్ల మీదే నిలబడుతుంది."

"ఇరవయ్యేళ్ల కిందటి కుర్చీ! పాత బారెల్ తెస్తారా, ఈ ఉలి నూతిలో పారెయ్యమంటారా?"

బావ చొక్కా జేబులోంచి చేతిరుమాలు తీసి, మడతలు ఒక్కొక్కటే విప్పాడు. వారం రోజులుగా అది ఆయన జేబులోనే ఉందన్నమాట. పాత బారెల్. పైనుంచి కిందిదాకా నిలువునా చీలింది. చీలికలో గోరు దూరుతుంది.

"అక్క దీనికి దారం చుట్టేది కదూ?"

"మైనం దారం. నలభై ఒక్క చుట్లు."

"ఏదది?"

"విప్పేశాను. దారం ఉంటే కొలత తప్పు వస్తుందని."

మేస్త్రి గొంతు లేచింది. "ఆ దారమే కదా బావా దీన్ని బిగించి ఉంచింది! అది విప్పగానే చీలిక నోరు తెరిచింది. మీరు నోరు తెరిచినదాన్ని కొలిచారు. అదీ పదిచోట్ల!"

"మళ్లీ చుట్టి చూశాను," అన్నాడు బావ. "ఎన్నిసార్లు చుట్టినా ఆవిడ చుట్టినట్టు రాలేదు."

మేస్త్రికి నోటిదాకా వచ్చిన తిట్లు అక్కడే ఆగిపోయాయి. లేత్‌కి నూనె పెడుతున్నట్టు అటు తిరిగి వాటిని మింగేశాడు. నీళ్ల పైపులకి వేసే క్లిప్పు వెతికి పాత బారెల్‌కి తొడిగి, మర తిప్పసాగాడు.

"మెల్లిగా," అన్నాడు బావ.

చీలిక వెంట్రుకంత సన్నబడి, కలిసిపోయింది. లోపలి కొలత బావే తీశాడు. ఈసారి ఒక్కచోటే. నోటుబుక్కులో ఇరవైమూడు పాయింటు మూడుని అడ్డంగా కొట్టేసి, ఇరవైరెండున్నర అని రాశాడు.

"ఇక నోరు విప్పారంటే లేత్ ఆపేస్తాను," అని మేస్త్రి ఐదో ముక్క బిగించాడు. తొలిచి, నునుపు చేసి, నూనె రాసేసరికి రెండయింది. మూడింటికి బస్సు.

"డ్రైవరు చేతికిస్తే దారిలో ఎక్కడ పెట్టి మరిచిపోతాడో," అన్నాడు.

"నేను తీసుకెళ్తాను."

మేస్త్రి గొట్టాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. అక్క పోయాక కూతురు సాధన మొదలెడితే చాలు, బావ చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయేవాడు. పిల్ల పక్క ఊళ్లో గది తీసుకున్నది అందుకే.

సాయంత్రం ఫోను మోగింది.

"సరిపోయింది," అన్నాడు బావ. "ఊగడం లేదు."

"హమ్మయ్య."

"కాకపోతే పొడవు అర మిల్లీమీటరు ఎక్కువైందిట. శ్రుతి కాస్త కిందికి ఉందిట. తను సర్దుకుంటానంటోంది గానీ, నువ్వు..."

"బావా, ఫోన్ పెట్టెయ్యండి!"

అవతల క్లారినెట్ మొదలైంది. పెట్టెయ్యమన్నాడే గాని మేస్త్రి ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. అవతల బావా పెట్టెయ్యలేదు.