సుద్ద కలిపిన రబ్బరు

రబ్బరు గురించి రామచంద్రం ముందు ఎవరూ నోరెత్తేవారు కాదు. కరీంనగర్‌లో సంతోష్‌రావు కార్ఖానాలో పదకొండేళ్లుగా రబ్బరు కలిపే మిల్లు మీద ఉన్నాడు మరి. అంతకుముందు సిరిసిల్లలో సాంచె, అంటే మరమగ్గం, నడిపాడు. అందుకే రబ్బరును కూడా గుడ్డను చూసినట్టే చూసేవాడు. అంచుకు బ్లేడుతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా లాగేవాడు. నల్లటి కార్బన్ పొడి సరిగ్గా పడ్డ రబ్బరులో గాటు అక్కడే ఆగుతుంది. సుద్ద ఎక్కువైతే పర్రున చీలుతుంది.

మొన్న వానాకాలంలో ఖర్చు తగ్గుతుందని సంతోష్‌రావు కార్బన్ సగం తగ్గించి సుద్ద పొయ్యమన్నాడు.

"సారూ, గట్టిగనైతే ఉంటది గని చీలుతది. రబ్బరును పట్టుకునేది కార్బనే. సుద్ద ఉత్తగ జాగ నింపుతది" అన్నాడు రామచంద్రం.

సంతోష్‌రావు గట్టితనం కొలిచే మీటరు తీసి రెండు ముక్కల మీదా నొక్కాడు. "సూడు. దీనికీ అరవై ఐదే, దానికీ అరవై ఐదే. నీ గాటు ముచ్చట ఎవడడుగుతడు? గివి బోథ్ ఊరి దిక్కు కాళ్లు తుడిచే పట్టాలకు పోతయ్‌లే."

కాళ్లు తుడుచుకునేవాటికేగా అని రామచంద్రం పోసేశాడు. ఆ రబ్బరే పట్టాలతో పాటు మగ్గాల బఫర్ల అచ్చుల్లోకీ పోతుంటే కళ్లారా చూశాడు. మగ్గంలో దారం మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె దూసుకొచ్చి తగిలే చోట ఆ దెబ్బను మింగాల్సిన ముక్కలవి. అయినా నోరు మెదపలేదు. పని పోతే మళ్లీ సాంచెల మోతలోకి పోవాలి కదా, అదీ భయం. ఛీ, అదీ ఒక బతుకేనా!

దీపావళి ముందు చెల్లెలు కమలవ్వ ఏడుస్తూ ఫోన్ చేసింది. బఫర్ చీలి, నాడె ఎగిరొచ్చి సిరిసిల్లలో సాంచె నడిపే ఆమె మగడు నాగరాజు కుడికంట్లో దిగింది. కరీంనగర్ దవాఖానలో ఆ కన్ను తీసేశారు.

రామచంద్రం వెళ్లేసరికి సంతోష్‌రావు బత్తాయిలతో, మీటరుతో వచ్చి మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. కమలవ్వ వెంట తెచ్చిన చీలిన బఫర్ మీద మీటరు నొక్కి అందరికీ చూపించాడు. "అరవై ఐదు. సరుకుల తప్పేం లేదు."

కమలవ్వ ఆయన వంకే చూడలేదు. "ఆ మీటరు ముల్లు సంగతి నాకు తెల్వదన్నా. జేసింది నువ్వు. నువ్వే జెప్పు, రబ్బరు మంచిదేనా?"

రామచంద్రం జేబులో బ్లేడు ఉంది. అందరి ముందూ ఒక్క గాటు పెట్టి లాగితే చాలు. చేయి జేబుదాకా పోయింది కూడా.

"పిచ్చిదానా, బావనే అడుగుతవా?" అన్నాడు నాగరాజు కట్టు కింద నుంచి. "దుకాణపాయన వేరేటియి ఇస్తుంటే, వద్దు, మా బావ జేసినయే గావాలెనని కొట్లాడి తెచ్చుకున్న. నేనే సరిగ బిగించనట్టున్న."

సంతోష్‌రావు రామచంద్రం ముఖంలోకి చూశాడు.

"అవు బావా" అన్నాడు రామచంద్రం. "బిగించుడే వదులైనట్టున్నది."

కమలవ్వ మగడి మీద విరుచుకుపడింది. "జర సూసి బిగించుకోరాదా? నీ నిర్లక్ష్యం పాడుగాను!"

నాగరాజు తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. తడుముకుంటూ రామచంద్రం చేయి పట్టుకున్నాడు.

"ఏమనుకోకు బావా, నా వల్ల నీ పనికి మాటొచ్చింది."