ఎడమ మడమ కింది ముక్క

మా దేశం నుంచి విదేశంలో జరిగిన ఆ పెద్ద క్రీడలకి తొంభై నాలుగు మంది వెళ్ళారు. తొమ్మిదో రోజుకి వచ్చింది ఒక్క కంచు పతకం. ఈతగాళ్ళు మునిగిపోకుండా తిరిగొచ్చారు, అదే పదివేలు. సైకిళ్ళవాళ్ళు మొదటి రౌండులోనే సామాను సర్దుకున్నారు. కుస్తీ ఆయన ఉండాల్సిన బరువు కంటే ఎక్కువున్నాడని బరి దాకా కూడా రానివ్వలేదు. వాళ్ళని చూసుకోడానికని వెళ్ళిన పెద్దమనుషులు మాత్రం రోజూ టీవీలో కోటు బొత్తాలు పెట్టుకుంటూ, తీసుకుంటూ కనిపించారు.

పదో రోజు పొద్దున మా మేనకోడలి పందెం. ఇరవై కిలోమీటర్ల నడక.

నా చెప్పుల రిపేరు షాపులో టీవీ లేదు. పక్కనున్న దర్జీ షాపులో ఉంది. అక్క కూడా అక్కడికే వచ్చింది. ఇంట్లో బావ తన ఆఫీసువాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టాడట. "వాళ్ళకి టీలు పెట్టలేక చస్తున్నాన్రా, దాన్ని చూసేదెప్పుడు?" అంటూ వచ్చి, కుట్టుమిషను పక్కన బట్టల మూట మీద కూలబడింది.

"నడకలో కూడా పందేలేంటి అక్కా, పాలప్యాకెట్‌కి వెళ్ళొచ్చినట్టు?" అన్నాడు దర్జీ.

"నువ్వు ఆ వేగంతో ఒక్క వీధి నడువు, నీ ప్యాంటు నువ్వే కుట్టుకోవాల్సి వస్తుంది," అంది అక్క.

అందులో తేలికేమీ లేదు. ఎప్పుడూ ఒక కాలు నేలకి ఆని ఉండాలి. ముందుకేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. వంగితే దారి పక్కన నిలబడ్డ జడ్జీలు ఎర్ర కార్డు రాస్తారు. మూడు పడితే రెండు నిమిషాలు పక్కన నిలబెడతారు. నాలుగోది పడితే ఇంటికే.

మా మేనకోడల్ని నేను మిడత అంటాను. దానికి కాళ్ళు తప్ప ఏమీ లేవు. పదకొండేళ్ళప్పుడు బడి షూ తెగిందని తీసుకొచ్చింది. కుడిది మడమ దగ్గర అరిగింది, ఎడమది మునివేళ్ళ దగ్గర. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. పుస్తకం ఇస్తే తలకిందులుగా పట్టుకోను గానీ, అంతకంటే పెద్ద చదువు లేదు. అరిగిన చెప్పు మాత్రం చదవగలను. నిలబెట్టి కొలిచాను. ఎడమ కాలు తొమ్మిది మిల్లీమీటర్లు పొట్టి. దాని డ్రిల్లు మాస్టారికి, బావకి, జ్వరాలకి మందిచ్చే డాక్టరుకి, ఎవరికీ తెలియలేదు. ఆ రోజునుంచి తొమ్మిదేళ్ళుగా దాని ప్రతి ఎడమ షూలోనూ మడమ కింద నేను కోసి అంటించిన రబ్బరు ముక్క ఉంటుంది. అది ఉంటే దాని మోకాలు కొయ్యలా నిలబడుతుంది. లేకపోతే వంగుతుంది.

పందెం మొదలైంది. అందరూ గుంపుగా నడుముల్ని తిప్పుకుంటూ బయలుదేరారు. దర్జీ నవ్వబోయి అక్క మొహం చూసి మానుకున్నాడు. మిడత ముందు గుంపులో ఐదోదిగా ఉంది. ఎండ మండిపోతోంది. ప్రతి చుట్టులోనూ బల్లల మీద నీళ్ళ గ్లాసులు, తడి స్పాంజీలు. అందరూ తీసుకుని నెత్తిమీద పిండుకుంటున్నారు. అదీ పిండుకుంది. నీళ్ళు మెడ మీంచి, తొడల మీంచి, మేజోళ్ళలోకి దిగాయి.

అప్పుడు లేచాను.

"ఏమైందిరా?" అంది అక్క.

"ఏం లేదు."

బయటికెళ్ళాను. నా షాపులో ఒక చెప్పు తీసి ఇనప పాదానికి తొడిగాను, సుత్తి ఎత్తాను, దించేశాను. మళ్ళీ దర్జీ షాపులోకి వచ్చాను. కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు.

సంగతేంటంటే, అది బయలుదేరే ముందురోజు బడి హాల్లో సభ పెట్టారు. వేదిక మీద డ్రిల్లు మాస్టారు, బావ, బావ ఆఫీసరు, ఆఖరికి మైకుసెట్టు అద్దెకిచ్చినవాడు కూడా కూర్చున్నారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. బావ నన్ను చూసి, "వచ్చావా, మంచిదైంది. వెనక వరసలో కుర్చీలు తక్కువయ్యాయి, కాస్త సర్దించు," అన్నాడు. సర్దాను. మాట్లాడినవాళ్ళంతా దాని కాళ్ళ గురించే మాట్లాడారు. ఆ కాలి కింద ఏముందో ఒక్కడూ అనలేదు.

సాయంత్రం అది రెండు జతల కొత్త షూ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. జట్టు మొత్తానికి ఇచ్చినవి. "మామయ్యా, రేపు తెల్లారే ప్రయాణం. రెండిట్లోనూ ముక్కలు పెట్టాలి." మంచి సొల్యూషన్ జిగురైతే రెండు పూతలు వెయ్యాలి, పూతకీ పూతకీ మధ్య అరగంట ఆరబెట్టాలి, వేడి చూపించాలి, తెల్లారేదాకా బరువు పెట్టి ఉంచాలి. నాకు అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. కుర్చీలు సర్దేవాడికి ఈ మాత్రం చాలనుకుని, చెప్పు పట్టీలకి వేసే ఐదు నిమిషాల గమ్ వేసి ఇచ్చేశాను. పొడిగా ఉన్నంతసేపు అది రాయిలా ఉంటుంది. తడిస్తే బ్రెడ్డు మీది జామ్.

ఎనిమిదో కిలోమీటరులో మొదటి ఎర్ర కార్డు. పదకొండులో రెండోది.

"వాడి కళ్ళు పోనూ!" అంది అక్క.

"కొన్నారక్కా, జడ్జీల్ని కొనేశారు," అన్నాడు దర్జీ.

నేను కాలే చూస్తున్నాను. ఎడమ మోకాలు. వంగుతోంది.

పదమూడులో మూడోది. దాన్ని పక్కకి పిలిచి తెల్లగీతల గడిలో నిలబెట్టారు. రెండు నిమిషాలు. గుంపులకి గుంపులు దాటిపోతున్నాయి. అది వంగి ఎడమ షూలోకి రెండు వేళ్ళు దూర్చి, ఏదో వెనక్కి నెట్టింది.

"లేసు కట్టుకుంటోంది," అన్నాడు దర్జీ.

అది లేసు కాదని నాకు తెలుసు.

పంతొమ్మిదో స్థానంలో ముగించింది. టీవీలో ఎవరో, మన జట్టుకి ఇది మరో నిరాశ అన్నాడు. కోటు పెద్దమనిషి ఒకడు, మన పిల్లలకి పట్టుదల తక్కువన్నాడు. దర్జీ నోరు కట్టేశాడు, టీవీది.

కాసేపటికి బావ ఊగిపోతూ వచ్చాడు, చెప్పులు గుమ్మంలో విసిరేసి. "అన్యాయం! ఫిర్యాదు రాయిస్తున్నా. మా ఆఫీసరు కూడా సంతకం పెడతానన్నాడు. ఏంరా, నువ్వూ చూశావుగా? దాని కాలు వంగిందా?"

"చూశాను బావా," అన్నాను. వంగిందనీ అనలేదు, వంగలేదనీ అనలేదు. ఎప్పుడూ లోకం మీద పడి ఏడ్చే నోరు నాది. ఆవేళ లోకమంతా నా తరఫున ఏడుస్తుంటే నోరు పెగల్లేదు.

అక్క ఫోన్ మోగింది. మిడత. అక్క ఏడవబోతే, "అమ్మా, తర్వాత. మామయ్య ఉన్నాడా? స్పీకర్లో పెట్టు," అంది.

"ఉన్నాను చెప్పవే."

"మామయ్యా, ముక్క ఊడి వేళ్ళ కిందికి జారింది. ఇక్కడ మావాళ్ళు షూ చూసి, లోపలి బట్టే నున్నగా ఉంది, దీనికి ఏ గమ్మూ నిలవదు అంటున్నారు. నిజమేనా?"

"అదీ సంగతి!" బావ తొడ మీద చరుచుకున్నాడు. "షూ! నాసిరకం షూ అంటగట్టారు. ఫిర్యాదులో ఇదీ రాయిస్తా."

"నాకు ముందే అనుమానం," అన్నాడు దర్జీ. వాడు ఆ షూ కంటితో చూడలేదు.

"నాలుగు రోజుల్లో ముప్పై ఐదు కిలోమీటర్లుంది మామయ్యా," అంది మిడత. "రెండో జతలోనూ అదే బట్ట. ముక్క తీసేసి నడవమంటున్నారు. లేదంటే ఉన్నదాని మీదే ఇంకో పూత గమ్ వేసి ఇస్తారట. ఏం చెయ్యమంటావు? నువ్వేదంటే అది."

అందరూ నా వైపు చూస్తున్నారు. అవును, షూదే తప్పు అంటే చాలు. ఒక్క మాట. నా షాపు నాకుంటుంది, నా పేరు నాకుంటుంది, ఆ ముప్పై ఐదు కిలోమీటర్లూ అది కుంటుకుంటూ నడుస్తుంది. పాత గమ్ మీద కొత్త గమ్ వేస్తే రెండూ కలిసి ఊడతాయి. ఆ సంగతి అక్కడ కోటు వేసుకున్నవాడెవడికీ తెలియదు.

"షూ బాగానే ఉంది," అన్నాను. "గమ్మే మంచిది కాదు."

"పాతదైపోయిందా?"

"లేదు. చెప్పు పట్టీలకి వేసేది. తడికి ఆగదు. తెలిసే వేశాను."

అక్క మూట మీంచి లేచి నిలబడింది.

"ఎందుకు మామయ్యా?"

"కుర్చీల వల్ల."

"ఏం కుర్చీలు?"

"నువ్వొచ్చాక తిట్టుకుందువుగాని. ముందు నేను చెప్పేది విను."

బావ "నా కూతురి కాళ్ళురా అవి," అన్నాడు మెల్లగా. ఆ కుర్చీల మాట ఆయనకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. విసురుగా బయటికి నడిచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. "అయ్యా, అవి నావి!" అని దర్జీ కేకేశాడు. నిజమే, దర్జీవి ఒక నంబరు చిన్నవి, మడమలు వెనక్కి వేలాడుతున్నాయి. ఆయన తిరిగి చూడలేదు. అక్క మాత్రం కదల్లేదు. నా మొహం చూడకుండా ఫోన్ నా నోటి దగ్గరే పట్టుకుని ఉంది.

ఫోన్లో అట్నుంచి ఊపిరి వినిపిస్తోంది. పెట్టేస్తుందనుకున్నాను.

"సైకిళ్ళవాళ్ళని అడుగు," అన్నాను తొందరగా. "పంక్చర్లకి వేసే సొల్యూషన్ ఉంటుంది వాళ్ళ దగ్గర. మొదటి రౌండులోనే ఓడారు, డబ్బా నిండుగానే మిగిలి ఉంటుంది. కానీ ముందు పాత గమ్ పూర్తిగా పోవాలి. షూలోదీ, ముక్కదీ. గరుకు కాగితంతో గీకాలి."

అటు ఏదో సంచీ జిప్పు లాగిన చప్పుడైంది.

"ఎంత నంబరు కాగితం?" అంది. గొంతులో మామయ్యా అన్న పిలుపు లేదు.

"ఎనభై."

ఎవరినో అడిగింది. ఏదో తెచ్చారు. గీకుడు మొదలైంది. ఫోన్లో గరగరమని వినిపిస్తోంది. నేను కూర్చోలేకపోయాను. కళ్ళు మూసుకుని ఫోన్‌కి చెవి ఆనించాను.

"సరిపోయిందా?" అంది.

"లేదు. ఇంకా జిగురు చప్పుడే వస్తోంది. గీకు."