రెప్ప వెయ్యని కుర్రాడు

ఆ రెండు వారాలూ ఫౌస్తో తన కొట్లో మాంసం కొట్టలేదు, యుద్ధం చేశాడు. కత్తి ఎత్తి మేక తొడ మీద వేసినప్పుడల్లా "యెల్ఫ్రీ!" అని అరిచేవాడు. ఎముక విరిగి, మూలుగ ఎగిరి మా చొక్కాల మీద పడేది. తుడుచుకుని మళ్ళీ ఆట మాటల్లో పడేవాళ్ళం. మా వాడ మొత్తానికి అప్పుడు అదే పూనకం.

"నిన్న యెల్ఫ్రీ కొట్టిన బంతి చూశావా విల్మో? గోడ దాటింది, రోడ్డు దాటింది, పోలీసు జీపు అద్దం పగలగొట్టింది. పోలీసోడు దిగి చప్పట్లు కొట్టాడంట!"

"అద్దం పగలడం నిజమే," అన్నాను. "చప్పట్లు నువ్వు కలిపావు."

"నోర్ముయ్. నీ భుజం చెడిపోయిందని అందరి మీదా ఏడుస్తావు నువ్వు."

భుజం చెడిపోయిన మాట నిజం. చెరుకు మిల్లు బేస్‌బాల్ జట్టుకి నేను పిచ్చర్ని, బంతి విసిరేవాణ్ణి. ఒకరోజు బంతి విసురుతుంటే భుజంలో ఏదో తెగిన చప్పుడు నాకే వినిపించింది. అప్పట్నుంచీ మోటారు సైకిలు మీద మనుషుల్ని తిప్పి బతుకుతున్నాను. పొద్దున పూట ఫౌస్తో కొట్టు ముందు బండి ఆపితే మధ్యాహ్నం దాకా కదలను. ఆట గురించి మాట్లాడటానికి ఊళ్ళో అంతకంటే మంచి చోటు లేదు.

యెల్ఫ్రీ మా మిల్లు వాడ పిల్లాడే. చలికాలపు ఆటలు మొదలవగానే మా ఊరి జట్టు 'పీతలు' వాణ్ణి కొత్తగా తీసుకుంది. మొదటి రోజు నుంచీ వాడు బంతిని కొట్టడం కాదు, దాంతో పగ తీర్చుకున్నట్టు బాదుతున్నాడు. పెద్ద పెద్ద పిచ్చర్లు, అమెరికాలో ఆడొచ్చినవాళ్ళు, వాడి చేతిలో తన్నులు తిని తలొంచుకుని పోతున్నారు. ఇది నిలిచేదా, నాలుగు రోజుల ముచ్చటా? కొట్టు ముందు రోజూ అదే తగువు.

"నిలవదు," అన్నాను నేను. "వాడి సంగతి ఇంకా ఎవరికీ అంతు పట్టలేదు కాబట్టి కొడుతున్నాడు. ముందున్న ప్లేటు పలక మీదకి వంగి నిలబడతాడు. అందుకే దూరంగా వేసిన బంతి కూడా వాడికి అందుతోంది. నేనైతే ఏం చేస్తానో తెలుసా? గడ్డం కింద ఒకటి వేస్తాను. వెనక్కి గెంతుతాడు. ఆ భయం తీరకముందే తర్వాతది దూరంగా వేసి ఇంటికి పంపిస్తాను."

"గెంతకపోతే?" అంది క్రుసీతక్క. స్టేడియం గేటు దగ్గర యానికేకెలనే పిండి అప్పాలు వేయించి అమ్ముతుంది. నూనె మూకుడు దగ్గర నుంచున్నా ఆట మొత్తం ఆవిడ చెవుల్లోనే ఉంటుంది.

"గెంతకపోతే దవడ పగులుతుందక్కా."

మూల బల్ల మీద కూర్చున్న నెరేయో నవ్వాడు. యెల్ఫ్రీకి మేనమామ. తల్లి పోయాక పిల్లాణ్ణి పెంచింది అతనే. మిల్లులో చెరుకు బళ్ళు తోలి తోలి ఆ చేతులు మోకుల్లా అయిపోయాయి.

"వాడికి గెంతడం రాదు విల్మో," అన్నాడు. "రాకుండా చేశాను."

ఎలా చేశాడో వాడలో అందరికీ తెలుసు. మేమందరం అలా పెరిగినవాళ్ళమే. పిల్లాడికి బ్యాటిచ్చి నిలబెట్టి, వెనక కాలిని పలుపుతో గుంజకి కట్టేస్తారు. ఎదురుగా నిలబడి మొదట పచ్చి నిమ్మకాయలతో, తర్వాత నారింజలతో, ఆఖర్న అసలు బంతితో కొడతారు. కన్నార్పితే ఇంకోటి. ఒళ్ళు వంచితే ఇంకోటి. బంతికి జడిసి పక్కకి జరిగే కుర్రాణ్ణి ఏ జట్టూ కొనదని మా నమ్మకం. అయితే మా నాన్నకి చీకటి పడితే తాగుడు యావ, అందుకని నన్ను తొందరగా విప్పేసేవాడు. నెరేయో తాగడు. యెల్ఫ్రీ ఏడవడం మానేసేదాకా విసిరాడు. ఏడుపు మానేశాక, రెప్ప వెయ్యడం మానేసేదాకా విసిరాడు.

"అది ధైర్యం!" ఫౌస్తో కత్తిని చెక్కలోకి దించాడు. "మగాడి గుండె అది!"

"గుండె కాదు, బిగుసుకుపోవడం," అంది క్రుసీతక్క. "కోడిని తలకిందులుగా పట్టుకుంటే గింజుకోవడం మానేస్తుంది చూడు, అలా. నీ మేనల్లుడి కళ్ళు చూస్తే నాకు భయమేస్తుంది నెరేయో."

"నీ మూకుడు చూసుకో తల్లీ," అన్నాడు నెరేయో నవ్వుతూనే.

ఆ శనివారం 'మొసళ్ళు' జట్టు వచ్చింది. వాళ్ళకి ఎర్ర గడ్డం వాడొకడు, అమెరికా నుంచి ఆ సీజనుకి అద్దెకు తెచ్చుకున్న పిచ్చరు. యెల్ఫ్రీ వాడు వేసిన రెండో బంతినే కుడి గోడ మీదుగా పంపేశాడు. పంపేసి, పరిగెత్తకుండా ఒక్క క్షణం నిలబడి చూసుకుని, బ్యాటుని కొబ్బరి చెట్టంత ఎత్తు ఎగరేశాడు. మా దగ్గర బ్యాటు ఎగరేస్తే డప్పులు మోగుతాయి, బాకాలు ఊదుతారు. ఫౌస్తో చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు. ముసలమ్మలు నడుం ఊపారు. ఎర్ర గడ్డం వాడి ఊళ్ళో మాత్రం బ్యాటు ఎగరేసినవాడి తల పగలగొడతారు. వాడి మెడ కూడా గడ్డం రంగుకి తిరగడం నేను కూర్చున్న చోటికే కనిపించింది.

"వేస్తాడు," అన్నాను. "ఈసారి ఒంటి మీదకి వేస్తాడు. నెరేయో, కుర్రాణ్ణి కాస్త దూరంగా నిలబడమని కేకెయ్యి."

"నువ్వే కేకెయ్యి, నీ గొంతు పిరికిది కదా సరిపోతుంది," అన్నాడు ఫౌస్తో.

వంతు తిరిగొచ్చాక యెల్ఫ్రీ మళ్ళీ ఆడటానికి వచ్చాడు. మొదటి బంతి వాడి ముక్కు ముందు నుంచి ఈల వేస్తూ పోయింది. ఇంకెవడైనా అయితే మట్టి కరిచేవాడు. వీడు స్తంభంలా నిలబడ్డాడు. టోపీ అంచు కూడా కదల్లేదు. స్టేడియం లేచి నిలబడి గర్జించింది. నెరేయో కంచె పట్టుకుని, మెడ నరాలు తేలేలా అరిచాడు.

"కదలొద్దురా! అలాగే ఉండు! వాడి కళ్ళలోకి చూడు!"

మామ గొంతు వినపడినట్టుంది, కుర్రాడు ఇంకో అర అడుగు ముందుకి జరిగాడు.

రెండో బంతి చెంప మీద తగిలింది. ఆ చప్పుడు మాంసం కొట్టే చప్పుడే. ఫౌస్తో కొట్టు ముందు రోజూ విన్నాను కాబట్టి నాకు తెలుసు. యెల్ఫ్రీ వెంటనే పడలేదు కూడా. బ్యాటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ముక్కులోంచి, నోట్లోంచి నెత్తురు ధారగా చొక్కా మీదకి కారుతుంటే. తర్వాత మోకాళ్ళు మడిచి కూలిపోయాడు.

డప్పులు ఆగిపోయాయి. ఆగిన మరుక్షణం కంచె విరిగింది.

ఎవరు ముందు దూకారో చెప్పలేను. నేనూ దూకాను. చెడిన భుజం సంగతే గుర్తు లేదు. మా ఆటగాళ్ళు వాళ్ళ మీదకి, వాళ్ళు మా మీదకి, మధ్యలో మేము. ఫౌస్తో 'మొసళ్ళ' వాడొకణ్ణి జుట్టు పట్టుకుని మోకాలితో మొహం మీద కొట్టాడు. సీసా ఒకటి వచ్చి ఎర్ర గడ్డం వాడి చెవి మీద పగిలింది. సగం చెవి వేలాడింది. పోలీసుల లాఠీలు ఎవరి నెత్తిన పడుతున్నాయో వాళ్ళకే తెలీదు. నేను ఎర్ర గడ్డం వాడి కాలరు దొరకబుచ్చుకుని పిడికిలి ఎత్తాను. దగ్గర్నుంచి చూస్తే వాడూ కుర్రాడే. భయంతో నోరు తెరుచుకుని ఉంది. అయినా కొట్టాను. ఒక్కటి కాదు.

వాడు నా చేతుల్లోంచి జారి, వెళ్ళి నెరేయో కాళ్ళ దగ్గర పడ్డాడు. నెరేయో మేనల్లుడి పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. యెల్ఫ్రీ నోట్లోంచి పళ్ళ ముక్కలు తీసి తన అరచేతిలో పెట్టుకుంటున్నాడు. చెంప ఒకవైపు లోపలికి దిగిపోయింది. కన్ను ఎక్కడుందో తెలియడం లేదు.

"నేను కదల్లేదు మామా," అన్నాడు యెల్ఫ్రీ. మాట నెత్తురుతో కలిసి బుడగలుగా వచ్చింది. "చూశావుగా. కదల్లేదు."

"చంపెయ్ వాణ్ణి!" ఫౌస్తో బ్యాటు తీసి నెరేయో చేతిలో పెట్టాడు. "నీ కాళ్ళ దగ్గరే ఉన్నాడు, కొట్టు!"

"కొట్టు! కొట్టు!" అని చుట్టూ అందరం అరిచాం.

నెరేయో బ్యాటు పట్టుకుని లేచాడు. కింద పడ్డవాడు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. నెరేయో వాడి వంక చూశాడు, తన మేనల్లుడి వంక చూశాడు.

"నేనే కట్టేశాను వీణ్ణి," అన్నాడు ఎవరితోనో. బ్యాటు చేతిలోంచి జారిపోయింది.

"థూ! నువ్వేం మేనమామవి!" అని ఫౌస్తో నెరేయో కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు.

ఆసుపత్రిలో యెల్ఫ్రీ చెంపలో ఇనుప రేకు వేసి కన్ను నిలబెట్టారు. అదే చోట ఇంకోటి తగిలితే కన్ను దక్కదని, ప్రాణం సంగతీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. యెల్ఫ్రీ చెంపకి అడ్డంగా రేకున్న టోపీ పెట్టుకుని మళ్ళీ ఆడతానన్నాడు. జట్టువాళ్ళూ రమ్మన్నారు. వాణ్ణి ఆపడం నెరేయో వల్ల కాలేదు. చేయగలిగింది ఒక్కటే మిగిలింది. బంతి మీదకి వస్తే పడిపోవడం నేర్పాలి.

క్రిస్మస్ ముందు రోజుల్లో వాళ్ళ పెరట్లో జరిగింది నేను చూశాను. పలుపు లేదు. నిమ్మకాయల బుట్ట ఉంది.

"పడు," అని నెరేయో విసిరాడు. నిమ్మకాయ ఛాతీకి తగిలింది. కుర్రాడు కదల్లేదు.

"కాళ్ళు వదిలేసి పడరా!"

"రావడం లేదు మామా."

ఇంకోటి. ఇంకోటి. బుట్ట అయిపోయాక నెరేయో అసలు బంతే తీశాడు. డొక్కలో కొట్టాడు. కుర్రాడు మూలిగి అలాగే నిలబడ్డాడు. నెరేయో వెళ్ళి బాగున్న చెంప మీద లాగి ఒక్కటిచ్చాడు.

"భయపడరా! నీకు దణ్ణం పెడతాను, భయపడు!"

"నువ్వే కదా వద్దన్నావు!" యెల్ఫ్రీ మొదటిసారి అరిచాడు. "వద్దన్నావుగా! ఇప్పుడెక్కణ్ణించి తేను?"

క్రుసీతక్క పొరుగు గోడ మీద నుంచి చెప్పు విసిరింది. "వాణ్ణి చంపుతావా ఏంట్రా, ముసలి పశువా!"

"ఔను," అన్నాడు నెరేయో. ఏడుస్తున్నాడు. "లేకపోతే ఎవడో చంపుతాడు." మళ్ళీ బంతి తీశాడు. నేను ఆపలేదు. చీకటి పడే వేళకి కుర్రాడి ఒళ్ళంతా కమిలిపోయింది. అయినా వాడు పడలేదు. అలా రోజూ.

జనవరిలో సెమీస్ ఆడేటప్పుడు యెల్ఫ్రీని మళ్ళీ దించారు. స్టేడియం కిటకిటలాడింది. మేము మామూలు చోటే కూర్చున్నాం. ఫౌస్తో, నెరేయో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి నెల దాటింది. నేను మధ్యలో ఉన్నాను.

"ఇవాళ చూడండి," అన్నాడు ఫౌస్తో పక్కవాళ్ళతో. "మామ పిరికోడైనా అల్లుడు పులి."

పిచ్చరు ఇంకెవడో మంచోడే. వాడు కొట్టాలని వేయలేదు. బంతి చేయి జారి కొంచెం లోపలికి వచ్చింది, అంతే. మూరెడు దూరంలో పోతోంది. యెల్ఫ్రీ బ్యాటు వదిలేసి, రెండు చేతులతో తల పట్టుకుని, దబ్బున నేల మీద పడ్డాడు. మట్టిలో మొహం దాచుకుని ముడుచుకుపోయాడు.

తర్వాత ఎవడో ఈల వేశాడు. ఈలలు పెరిగాయి, నవ్వులు పెరిగాయి.

"కోడిపెట్టా!" ఫౌస్తో లేచి నిలబడి అరిచాడు. "గుడ్డు పెట్టి లేవరా! మూరెడు దూరంలో పోయిందిరా, పిరికి ముండా!" చేతిలో ఉన్న బీరు సీసా మైదానంలోకి విసిరాడు.

అంత గోలలో ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు. నెరేయో. కళ్ళు తుడుచుకోకుండా, అరచేతులు పగిలిపోయేలా కొడుతున్నాడు. "పడ్డాడు! విల్మో, పడ్డాడు!"

"సిగ్గు లేదా నీకు, చప్పట్లు కొడతావా?" ఫౌస్తో నా మీదుగా వంగి నెరేయో చొక్కా పట్టుకున్నాడు.

నెరేయో చప్పట్లు ఆపి కొట్టాడు. చెరుకు బళ్ళు తోలిన చెయ్యి అది. ఫౌస్తో మూతి చితికి, బెంచీల మీదుగా వెనక్కి వెళ్ళిపడ్డాడు. నెరేయో ఆగలేదు. మీద కూర్చుని పిడికిళ్ళతో బాదాడు. "నవ్వు! ఇప్పుడు నవ్వు!" ఫౌస్తో కింద నుంచి అతని బొటనవేలు కొరికి పట్టుకున్నాడు. ఇద్దర్నీ విడదీయడానికి నేను అడ్డం పడితే నా కనుబొమ చీలింది. పోలీసులు వచ్చి ముందు ముగ్గుర్నీ వాయించి, తర్వాత ఎవరిది తప్పని అడిగారు. అందరూ నెరేయోనే చూపించారు.

అతన్ని గేటు వైపు ఈడ్చుకుపోతుంటే నేను వెనకాలే నడిచాను. మైదానంలో ఆట మళ్ళీ మొదలైంది. మెట్ల మీద పోలీసులు అతని వీపున తన్నుతున్నా నెరేయో తల తిప్పి నన్నే చూస్తున్నాడు.

"ఏమైంది?" అని అరిచాడు.

మైదానం వైపు చూసి చెప్పాను. "అవుటయ్యాడు. బ్యాటు కూడా తగల్లేదు."

"ఇంకోటి లోపలికి వేశారా?"

"వేశారు."

"పడ్డాడా?"

"పడ్డాడు."

నెరేయో పెనుగులాట మానేశాడు. నెత్తురు కారుతున్న రెండు చేతులూ ముందుకి చాపి, బేడీలు వెయ్యమని పోలీసులకి ఇచ్చాడు.