పలకరింపుల సంఘం

ఆ పేట మహిళా సంఘానికి సేవ చెయ్యాలన్న తపనకి ఎప్పుడూ కొదవ లేదు. ఎవరికి చెయ్యాలన్నదే చిక్కు. పార్కు ఊడుస్తామని వెళ్తే, మా పొట్ట కొట్టకండి తల్లీ అని ఊడ్చేవాళ్ళు అడ్డం పడ్డారు. బడిగోడకి రంగులేస్తామంటే, పోయినసారి మీరు వేసిన సీతాకోకచిలుకని చూసి చిన్న పిల్లలు జడుసుకున్నారండీ అని హెడ్మాస్టరు వాళ్ళని గేటు దాకా సాగనంపి వచ్చాడు.

చివరికి అధ్యక్షురాలికి ఓ ఆలోచన తట్టింది. ఇళ్ళలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పడం. దానికి 'పలకరింపు' అని పేరు పెట్టారు. ఓ ఫోను నంబరు తీసుకున్నారు. జేబు మీద సంఘం ముద్రతో అందరికీ నీలం కోట్లు కుట్టించారు. గడియారం చూడకూడదు, ఫోను తియ్యకూడదు, మాట మధ్యలో లేవకూడదు అని అధ్యక్షురాలే నియమాలు రాసింది.

అప్పట్నుంచీ ఆవిడకి తీరిక లేదు. పొద్దున్న కోటు తొడుక్కుని వెళ్తే దీపాలు పెట్టే వేళకి వచ్చేది. ఇంట్లో అత్తగారు కాలు విరిగి, కట్టుతో మంచాన ఉంది. ఆ అత్తగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బస్సు కిక్కిరిసి ఉన్నా చివరి సీటు దాకా వినపడే గొంతు. ఆ గొంతు వినడానికి ఇప్పుడు గదిలో ఎవరూ లేరు. కొడుకు ఆఫీసు పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. కోడలు వెళ్తూ వెళ్తూ మంచం పక్క స్టూలు మీద ఫ్లాస్కు, మందులు, టీవీ రిమోటు, ఫోను వరసగా సర్ది, "అన్నీ అందుబాటులో ఉన్నాయత్తయ్యా" అనేది. నిజమే. కోడలు తప్ప అన్నీ అందుబాటులోనే ఉండేవి.

ఫ్లాస్కు కింద మరక పడకుండా కోడలు ఓ కాగితం మడిచి వేసింది. ఓ రోజు టీవీ విసుగొచ్చి అత్తగారు దాన్ని లాగి చదివింది. 'మీరు ఒంటరిగా ఉన్నారా? మేమున్నాం!' కింద నంబరు. ఆవిడ ఫోను అందుకుంది.

అవతల ఎత్తింది సంఘంలో కొత్తగా చేరిన టైలరమ్మ.

"ఇంట్లో ఎవరూ లేరాండీ?"

"ఉన్నారమ్మా. ఉండరు."

"అంటే?"

"కొడుకు టూర్లు తిరుగుతాడు. కోడలు సేవ చేస్తుంది."

"అయితే అదృష్టవంతులేనండీ!"

"నాక్కాదులే."

టైలరమ్మ అయ్యోపాపం అనుకుని, అడ్రసు రాసుకుని ఉపాధ్యక్షురాలికి ఇచ్చింది. ఎవరు ఎవరింటికి వెళ్ళాలో చూసేది ఆవిడే. అడ్రసు చూడగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళుగానో ఆ అధ్యక్ష కుర్చీ మీద ఆవిడకి కన్ను.

"కేసు చాలా దయనీయంగా ఉంది, మేడం. ఈసారి అందరం వెళ్దాం. పత్రిక ఫోటోగ్రాఫర్నీ పిలిచాను" అంది, అడ్రసు సంగతి ఎత్తకుండా.

అధ్యక్షురాలు పొంగిపోయింది. వ్యానులో కూర్చున్నంతసేపూ ఉపన్యాసమే. "పెద్దవాళ్ళని గదిలో పడేసి తిరిగేవాళ్ళకి అసలు మనసనేది ఉంటుందా అంటాను!" వెనక సీట్లో ఫోటోగ్రాఫరు తలూపుతున్నాడు. ఇంతలో వ్యాను మలుపు తిరిగింది.

"ఇదేంటి, మా వీధి!"

"మీ వీధిలో మాత్రం కష్టాలుండవా, మేడం?"

వ్యాను ఆగింది. నీలం కోట్లన్నీ దిగి బ్యానరు విప్పాయి. తలుపుకి బయట తాళం వేసి ఉంది. టైలరమ్మ కిటికీ దగ్గరికెళ్ళి, "అమ్మా, పలకరింపు నుంచి వచ్చాం, తలుపు ఎవరు తీస్తారు?" అని అడిగింది.

లోపల్నించి ఆ గొంతు వీధంతా వినపడింది. "తాళం చెవి మా కోడలి హ్యాండుబ్యాగులో ఉందమ్మా!"

అందరూ ఒకేసారి అధ్యక్షురాలి వైపు తిరగలేదు. ఒక్కొక్కరే తిరిగారు. అదే ఎక్కువ బాధ పెట్టింది. ఆవిడ మొహం కందగడ్డలా చేసుకుని బ్యాగులో చెయ్యి పెట్టింది. తాళం చెవి కోసం అంతసేపు వెతకాల్సిన పనిలేదు. ఫోటోగ్రాఫరు మాత్రం తన పని తాను చేసుకుపోయాడు.

లోపల అత్తగారు దిండుకి ఆనుకుని అందర్నీ పరికించింది. "ఇంతమంది వచ్చారు, సంతోషం. నాతో మాట్లాడేదెవరు?"

"మా అధ్యక్షురాలేనండీ" అంది ఉపాధ్యక్షురాలు, కుర్చీ లాగుతూ.

కూర్చోక తప్పలేదు. ఏం మాట్లాడాలో తోచక కోడలు అలవాటైన ప్రశ్నే వల్లించింది. "మీ ఉద్యోగం గురించి ఏదైనా చెప్తారా అండీ?"

అత్తగారు ఓ క్షణం ఆలోచించి మొదలుపెట్టింది. ఓ వానరోజు డ్రైవరు ఎవరితోనో మాటా మాటా వచ్చి, బస్సు నడిరోడ్డు మీద వదిలేసి, గొడుగేసుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయాడట. ప్రయాణికులు గోల. ఎన్నడూ స్టీరింగు ముట్టని తను డ్రైవరు సీటెక్కి, ఫస్టు గేరులోనే డిపో దాకా పాకించిందట. సైకిళ్ళు దాటిపోతుంటే జనం కిటికీల్లోంచి, "తప్పుకోండి, తప్పుకోండి!" అని అరిచారట. ఈ సంగతి ఎవరికీ చెప్పబోమని బస్సులోవాళ్ళంతా మాటిచ్చి దిగారట.

గదిలో నవ్వులే నవ్వులు. టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. అధ్యక్షురాలు ఒంటి మీద కోటు ఉన్న సంగతే మర్చిపోయి ముందుకు వంగింది. "మామయ్యకి కూడా తెలీదా?"

"తెలిస్తే ఉద్యోగం మానిపించడూ!"

"నాకెందుకు చెప్పలేదత్తయ్యా, ఇన్నేళ్ళూ?"

"నువ్వు కూర్చోలేదుగా."

ఉపాధ్యక్షురాలు ఆ మాట కోసమే వచ్చింది గానీ, విన్నాక ఇంట్లో ఒంటరిగా ఉన్న తన తండ్రి గుర్తొచ్చాడేమో, కిటికీ వైపు తిరిగింది.

ఆ వారం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పత్రికలో ఫోటో చూసి అధ్యక్షురాలు రాజీనామా చేస్తానంది. వద్దన్నారు, ఎందుకంటే తరచి చూస్తే అందరిళ్ళలోనూ ఓ మంచమో, ఓ వాలుకుర్చీయో తేలింది. చాలాసేపు తర్జనభర్జన పడి, సొంతవాళ్ళ దగ్గర కూర్చున్నా సేవ కిందే లెక్క అని ఏకగ్రీవంగా తీర్మానించారు. చప్పట్లు మోగాయి.

ఇప్పుడు కోడలు మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటోంది. కోటు తొడుక్కునే కూర్చుంటుంది, లేకపోతే లెక్కలోకి రాదట. అప్పుడప్పుడు నియమం తప్పి ఫోను తీస్తుంది, అత్తగారు గొంతు సవరించుకోగానే పెట్టేస్తుంది. పక్కింటావిడ చూసి చూసి, "ఇదేం చోద్యం, ఇంట్లో మాట్లాడుకోవడానికి యూనిఫారమా?" అని నవ్వింది.

"ఏ లెక్కలో రాసుకుంటే నాకేంటమ్మా" అంది అత్తగారు, "కూర్చుంటోంది కదా."