ఇస్త్రీ బల్ల దగ్గర రిహార్సలు

మా అమ్మాయి నడిపే ఇస్త్రీ దుకాణంలో వెనకగది నాది, నా పుస్తకాలది. బడి వదిలాక మా మనవరాలు కూడా అక్కడికే వస్తుంది. దానికి పదిహేనేళ్లు. మాటమాటకీ రుజువు అడుగుతుందని మేం లాయరమ్మ అంటాం. రాగానే వేడివేడి దుప్పట్ల దొంతర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ బరువుకి బడిగంట, బెంచీల రొద తలలోంచి దిగిపోతాయట.

దానికి ఆటిజం ఉందో లేదో చూస్తాం, రేపు పొద్దున్నే రమ్మన్నారు ఆసుపత్రివాళ్ళు. చూపించమని పట్టుబట్టింది అదే. వద్దని గొణిగింది నేను. ఉందని తేలితే దాన్ని ఎక్కడో దూరపు హాస్టల్లో పెట్టమంటారని నా భయం. పైకి అంటే నిజమవుతుందేమోనని ఆ మాట మింగేసి, శిక్షణ మొదలుపెట్టాను.

కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఇస్త్రీ బల్లకి అవతల డాక్టరమ్మలా కూర్చున్నాను.

“నా కళ్ళలోకి చూసి చెప్పు. బడి ఎలా ఉంది?”

“చూడమంటావా, చెప్పమంటావా? రెండూ ఒకేసారి నావల్ల కాదు అమ్మమ్మా.”

“కాస్త నవ్వవే తల్లీ.”

నవ్వింది. నవ్వి అలాగే ఉండిపోయింది.

గుమ్మంలో చొక్కాలకి గుండీలు పెడుతున్న మా అమ్మాయి, “ఫొటో తీసేవాడు కూడా అంతసేపు నవ్వమనడమ్మా, వదిలెయ్” అంది.

నేను వదల్లేదు. ఎలా పలకరించాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, లేచేటప్పుడు “వెళ్ళొస్తానండీ” అని ఎలా అనాలో చెప్పాను. ఆ మాట అది ఎప్పుడూ అనదు. చెప్పులేసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. ప్రతిసారీ నా గుండె జారుతుంది.

“అమ్మమ్మా, పంటినొప్పని వెళ్ళి నోరు మూసుకుని కూర్చుంటామా?” అంది ఉన్నట్టుండి.

“అంటే?”

“నవ్వడం, కళ్ళలోకి చూడటం, ఇవన్నీ బడిలో చేస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి ఒంట్లో సత్తువుండదు. రేపు కూడా చేస్తే, నీకేం లేదు పొమ్మంటారు. ఇంక జన్మంతా చెయ్యాలి.”

నా డాక్టరీ అక్కడితో సరి. కళ్ళజోడు తీసేశాను. మింగిన మాట దానంతటదే బయటికొచ్చింది. “మరి నిన్ను దూరంగా పంపెయ్యమంటేనో?”

“పంపరు. ఫోన్ చేసి మొదట అదే అడిగాను. బడి మారక్కర్లేదు, ఇల్లు మారక్కర్లేదు. పరీక్షలు రాయడానికి చప్పుడు లేని గది ఇవ్వమని బడికి చెప్తారట.”

“నాకు కంటిమీద కునుకు లేదే ఇన్నాళ్ళూ. ముందే చెప్పకూడదూ?”

“నువ్వడగలేదుగా.”

మా అమ్మాయి చేతిలో చొక్కా పక్కన పడేసి మరీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. ఒకావిడ తలుపు తీసి, ముందు పాపని, తర్వాత చిన్ననాటి సంగతులు చెప్పడానికి మమ్మల్ని రమ్మంది.

లాయరమ్మ గోడకేసి చూస్తూ, “గంటో ఫోనో మోగితే చెవులు మూసుకుంటాను. పర్లేదా?” అనడిగింది.

“మూసుకోమ్మా” అందావిడ.

అది బయల్దేరేముందు ఇస్త్రీ చేసి తెచ్చుకున్న మడత దుప్పటి సంచిలోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. “బరువుంటే నీకూ భయం దిగుతుంది. ఉంచుకో.”

వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని చెప్పి మళ్ళీ రానివాళ్ళు నాకు చాలామందే ఉన్నారు. ఇది చెప్పకుండా వెళ్ళి, రోజూ వస్తూనే ఉంది. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది.

“చిన్ననాటి సంగతులంటే, ఏవి చెప్పనే?” అన్నాను మా అమ్మాయితో.

“అన్నీ చెప్పమ్మా. పంటినొప్పికి వచ్చాం, నోరు తెరు.”