కడ్డీ కళ్ళకద్దుకునే వేళ

రాబర్ట్‌సన్‌పేటలో బట్టలకొట్టు నడిపే గిరీశ్‌కు బట్ట కొలిచే ఇనుప కడ్డీ సాక్షాత్తు లక్ష్మీదేవి. చేతికి తీసుకుంటే చాలు, కళ్ళు మూసుకుని అద్దుకోవాల్సిందే. కొట్లో కూర్చునే పెళ్ళాం వినుతకూ అదే నేర్పాడు. బేరానికైనా అంతే, ఆ పెళ్ళాన్ని బాదడానికైనా అంతే. ఎంత భక్తో చూడండి!

రెండో తరగతి చదివే కూతురు ధన్య కంప్యూటర్ ఆట చేసిపెట్టమని పోరుపెడితే, కొట్టు వెనకున్న ఇంట్లో వినుత ల్యాప్‌టాప్ తెరిచి ఏఐకి చెప్పింది. కడ్డీ పట్టుకున్న రాక్షసుడు, తప్పించుకునే కుందేలు. అది చకచకా కోడ్ రాసి ఒక మాట అడిగింది: "దెబ్బ పడబోతోందని కుందేలుకు ముందే తెలియాలి. ఏం గుర్తు పెట్టమంటారు?"

వినుత కొట్టువైపు తలుపును ఓసారి చూసింది. తర్వాత టైప్ చేసింది. "కళ్ళు మూసుకుని కడ్డీ అద్దుకుంటాడు. అప్పుడే మూలకు దూకాలి."

ధన్యకు ఆ ఆటే లోకమైపోయింది. రాక్షసుడు కళ్ళు మూయడమే ఆలస్యం, కుందేలును గెంతించేది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేసి, కడ్డీ చంకన పెట్టుకుని వచ్చిన గిరీశ్ కూతురి భుజం మీదుగా ఆట చూశాడు.

"ఏమే, కట్టుకున్నోణ్ణి రాక్షసుణ్ణి చేసినావా?"

"మీ పేరు యాడ రాసినాను?" అంది వినుత. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నాడు మరి.

మొదటి దెబ్బకు ఆమె నొసలు చిట్లి రక్తం కంట్లోకి కారింది. రెండోది మోచేతి మీద పడింది. "అమ్మను కొట్టొద్దు నాయనా!" అంటూ ధన్య అడ్డం వచ్చింది. పిల్లను ఇంతవరకూ ముట్టలేదన్న ఒక్క ధైర్యంతోనే వినుత ఆ ఇంట్లో నెట్టుకొస్తోంది.

"ఇంగ నీకూ కావల్నా?" గిరీశ్ పిల్లవైపు తిరిగాడు. కడ్డీ ఎత్తి, కళ్ళు మూసుకుని అద్దుకున్నాడు.

వినుత కడ్డీ లాగేసుకుంది. అతను కళ్ళు తెరిచేలోపే మణికట్టు మీద కొట్టింది. ఎముక పటుక్కుమంది. మోకాలి మీద మరొకటి. అతను కిందపడి ఊళ పెడుతుంటే ఇన్నేళ్ళ కసి తీరుతున్నట్టు ఆమెకు ఎంతో హాయిగా ఉంది. ఈసారి తల పగలగొట్టేద్దామని కడ్డీ ఎత్తింది. అలవాటు ఊరుకోదు కదా, కళ్ళు మూసుకుని అద్దుకుంది.

కళ్ళు తెరిచేసరికి ధన్య పక్కన లేదు. బియ్యం డబ్బా వెనక మూలకు గెంతి, నెత్తిన చేతులు పెట్టుకుని వణుకుతోంది. దాని చూపంతా తల్లి చేతిలోని కడ్డీ మీదే ఉంది.

"నిన్ను కాదమ్మా... నిన్ను యాడన్నా కొడతానా?"

పిల్ల బయటికి రాలేదు. వినుత కడ్డీని కిటికీలోంచి మురుగు మోరీలోకి విసిరేసి, ఏడుస్తూ నేల మీద కూలబడింది.