ఎడమవైపు నలుగురు అమ్మాయిలు

టేపు బాబాయి పొద్దున్నే కాఫీ తాగి సంచీ సర్దుకునేవాడు. అందులో ఒక కొలత టేపు, దారపుండ, సుద్దముక్క, నాలుగు రబ్బరు బిళ్ళలు. ఇళ్ళలో స్పీకర్లు ఎక్కడ పెట్టాలో చూసి పెట్టడం ఆయన పని. అదేమంత పని అనిపిస్తుంది గానీ, జానెడు తేడా వస్తే చాలు, పాడినవాళ్ళు గదిలోకి సరిగ్గా రారు. పోయిన వారమే బేకరీ ఆయన ఇంట్లో స్పీకర్లు గోడకు ఆనించి పెట్టారు. ఫిడేలు వాయించే మనిషి సగం గోడలోనే ఉండిపోయాడు. పాపం, కమాను లాగడానికి చోటు లేదు. బాబాయి వెళ్ళి స్పీకర్లను మూరెడు ముందుకు జరిపాక గాని పూర్తిగా బయటికి రాలేకపోయాడు.

ఆ రోజు పిలిచింది రిటైరైన బస్సు కండక్టరు. కొత్త స్పీకర్లు కొని, రెండింటినీ బీరువా మీద పక్కపక్కనే పెట్టుకున్నాడు.

"అందరూ అటక మీద గుంపుగా కూర్చుంటున్నారు బాబాయ్. ఎవరు ఎవరో తెలియడం లేదు," అన్నాడు.

"బీరువా మీద పెడితే అటక మీదే కూర్చుంటారు మరి."

కండక్టరు ఈమధ్యే పెట్టె అడుగున దొరికిన ఒక పాత క్యాసెట్టు తీసి చూపించాడు. అతని భార్య కుట్టు టీచరు. పదహారేళ్ళప్పుడు మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి స్టూడియోలో పాడింది. రెండో చరణంలో ఒక స్వరం తప్పింది. హార్మోనియం వాయిస్తున్న మాస్టారు అందరి ముందూ ఆమెకేసి వేలు చూపించి, నీ వల్లే చెడింది అన్నారు. ఆ క్యాసెట్టు బయటికి రాలేదు. ఆమె కూడా మళ్ళీ పాడలేదు. పిల్లల్ని జోకొట్టి పడుకోబెట్టిందే గాని, ఒక్క కూనిరాగం తీయలేదు.

"పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళు. ఆవిడ పాట ఒక్కసారి కూడా వినలేదు," అన్నాడు కండక్టరు.

పక్క గదిలో మిషను ఆగింది. టీచరు గుమ్మం దగ్గరకి వచ్చింది. "చెడిపోయిన పాట కోసం ఇల్లంతా తలకిందులు చెయ్యాలా?"

"చెడింది ఒక్క చోటే కదా. మిగతాది వింటాను."

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

బాబాయి స్పీకర్లను కిందికి దింపి, కూర్చున్న మనిషి చెవి ఎత్తు వచ్చేలా రెండు స్టూళ్ళ మీద పెట్టాడు. గోడకు దూరంగా లాగాడు. కండక్టరును కుర్చీలో కూర్చోబెట్టి, అతని ముక్కు దగ్గర నుంచి రెండు వైపులా దారం పట్టి, సమానంగా వచ్చాక నేల మీద సుద్దతో గీతలు గీశాడు. స్పీకర్లను కొంచెం లోపలికి తిప్పి, క్యాసెట్టు వేశాడు.

మాస్టారు కుడివైపు హార్మోనియంతో వచ్చి కూర్చున్నారు. ఎడమవైపు అమ్మాయిలు వచ్చారు గానీ, ఇద్దరు ఒకరిలో ఒకరు కలిసిపోయి ఇద్దరికీ కలిపి మూడు జడలే కనిపించాయి. బాబాయి ఎడమ స్పీకరును నాలుగు వేళ్ళు పక్కకు జరిపి, మళ్ళీ దారం పట్టి చూసి, కిటికీ పరదా లాగాడు. అప్పుడు నలుగురూ విడివిడిగా నిలబడ్డారు. చివర ఉన్న సన్నటి అమ్మాయిని చూసి కండక్టరు చొక్కా కాలరు సరిచేసుకున్నాడు.

మొదటి చరణం బాగానే సాగింది. రెండోదాంట్లో తప్పు స్వరం వచ్చింది. వింటున్న ముగ్గురూ ఒక్కసారే తల తిప్పారు, కుడివైపుకి.

"మళ్ళీ వెయ్యండి," అంది టీచరు.

ఈసారి ఆమె హార్మోనియం పక్కకు వెళ్ళి, కుట్టు సరిచూసినట్టు కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. మాస్టారి ఉంగరపు వేలు జారి పక్క మెట్టు మీద పడింది. అమ్మాయిలు మాత్రం సరిగ్గానే పాడుతున్నారు. ఆయన ముందు తన వేలు చూసుకున్నారు, ఆ తర్వాత తలెత్తి చివరి అమ్మాయిని చూశారు. ఆ చూపుకే ఆ పిల్ల నోరు మూసేసింది.

మూడోసారి కూడా వేయించుకుని చూసింది.

"ఆయనకు తెలుసు," అంది మెల్లగా.

"మాస్టారు ఉన్నారామ్మా?" అడిగాడు బాబాయి.

"పోయి పదేళ్ళయింది."

ఆమె కాసేపు పరదా అంచు మడతలు పెడుతూ నిలబడింది. కోపం వచ్చిందని ముఖం చూస్తే తెలుస్తోంది. చూపించడానికి మాత్రం ఎవరూ లేరు. చివరికి పరదా వదిలేసి, "ఇంకోసారి వెయ్యండి. మధ్యలో ఆపకండి," అంది.

రెండో చరణంలో ఆ పిల్ల నోరు మూసుకున్న చోట టీచరు అందుకుంది. గొంతు గరగరలాడింది. పై స్థాయిలో జీర వచ్చింది. దగ్గి, సవరించుకుని, పాట చివరిదాకా పాడింది.

కండక్టరు కుర్చీలోంచి లేవలేదు. "ఇన్నేళ్ళూ ఈ గొంతును ఎక్కడ దాచావు?"

"దాచలేదండీ. లేదనుకున్నాను."

తర్వాతి శనివారం ఆమె గ్రంథాలయం మేడ మీద బృందగానం నేర్చుకునే హాలుకి వెళ్ళింది. అక్కడి నిర్వాహకురాలు కాగితం మీద వివరాలు రాసుకుంటూ, "ఇంతకు ముందు ఎక్కడైనా పాడారా?" అని అడిగింది.

"పాడాను," అంది కుట్టు టీచరు. "రికార్డు కూడా ఉంది."